పెట్రోలు బ్రష్ కట్టర్: సురక్షితమైన అమరిక, నిర్వహణ – గంగారం ఏజెన్సీ పరిస్థితులలో గమనించవలసిన అంశాలు

2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కొత్తగూడ మండలం నుండి విడివడి గంగారం మండలం ఏర్పడినది. పూర్వం వరంగల్ జిల్లాలో, ప్రస్తుతం మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ షెడ్యూల్డ్ ప్రాంతంలో కోయ రైతులు అధికం. వరి, పత్తి, మొక్కజొన్న ముఖ్యమైన పంటలు. అడవిని ఆనుకొని ఉన్న కమతాలలో కలుపు స్వభావం మైదాన ప్రాంతంలో వలె ఉండదు. గట్ల మీద గడ్డి, వయ్యారిభామ పెరగడం అంతటా ఉన్నదే. పోడు చేసిన చేలలో మాత్రం నరికిన మోదుగ, తుమ్మ, టేకు మోడుల నుండి తొలకరికి మళ్ళీ చిగుళ్ళు లేచి, భాద్రపదం నాటికి పొదలుగా మారతాయి. చేను అంచున ఉన్న లంటానా పొద ఏటా రెండు మూడు అడుగులు లోపలికి జరుగుతుంది. కొడవలితో ఈ పని చేయడానికి కూలీలు దొరకడం కష్టమైనది. కలుపు మందుతో చేయడం శ్రేయస్కరం కాదు. పైగా 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ పిచికారీని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసినది. ఈ కారణాల వల్ల పెట్రోలుతో నడిచే బ్రష్ కట్టర్, అనగా రైతులు గడ్డి మిషను అని పిలిచే యంత్రం, చిన్న కమతాలకు చేరుతున్నది. 2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద ఈ పరికరానికి రాయితీ ఉన్నది. ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు, మహిళా రైతులకు ఇది 50 శాతం వరకు లభిస్తుంది.

యంత్రం చేరినంత సులభంగా దానిని వాడే విధానం చేరలేదు. ప్రదర్శన అంటే సాధారణంగా గడ్డి కోసి చూపడమే. కాని ఈ యంత్రం వల్ల కలిగే ప్రమాదాలలో అధిక భాగం కోతకు ముందే, పెట్టెలోని భాగాలను బిగించేటప్పుడే నిర్ణయమవుతాయి. డీలరు బిగించి ఇచ్చిన యంత్రాన్ని ద్విచక్ర వాహనంపై ఇంటికి తీసుకొనిపోవడానికి రైతు మళ్ళీ విప్పుతాడు. గొట్టం, హ్యాండిలు, బ్లేడు విడివిడిగా గంగారం చేరతాయి. అక్కడ వాటిని తిరిగి బిగించేది శిక్షణ పొందిన మెకానిక్ కాదు. మెకానిక్ కావాలంటే నర్సంపేటకో మహబూబాబాద్‌కో పోవాలి. కనుక విస్తరణ శాస్త్రవేత్త మొదట నేర్పవలసినది విప్పడం, బిగించడం. కోత తరువాతి సంగతి.

ఇంజను రకాన్ని గుర్తించడం

బజారులో లభించే బ్రష్ కట్టర్లలో రెండు రకాల ఇంజన్లు ఉన్నాయి. టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులో నూనె కలపాలి, ఎందుకంటే క్రాంకు, పిస్టను, బేరింగులకు కందెన ఆ మిశ్రమం ద్వారానే అందుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో నూనె వేరే అరలో ఉంటుంది. పెట్రోలు ట్యాంకులో స్వచ్ఛమైన పెట్రోలు మాత్రమే పోయాలి. ఉదాహరణకు 35.8 సీసీ సామర్థ్యం గల హోండా జీఎక్స్35 ఇంజనుకు పట్టే నూనె 100 మిల్లీలీటర్లు మాత్రమే. పరిమాణం ఇంత తక్కువ కనుక, కొద్దిగా తగ్గినా నష్టమే. ప్రతిరోజూ చూడవలసిందే.

ఒకే గ్రామంలో రెండు రకాలూ ఉండి, ఒకరి డబ్బా నుండి మరొకరు పెట్రోలు అరువు తెచ్చుకొనే చోట పొరపాటుకు అవకాశం ఎక్కువ. నూనె కలిపిన పెట్రోలును ఫోర్ స్ట్రోక్‌లో పోస్తే పొగ వస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది. నష్టం అంతటితో ఆగవచ్చు. నూనె లేని పెట్రోలును టూ స్ట్రోక్‌లో పోస్తే కొద్ది నిమిషాలలోనే పిస్టను సిలిండరులో పట్టేస్తుంది. ఆ తరువాత చేసే మరమ్మతు ఖర్చు చాలా సందర్భాలలో కొత్త ఇంజను ఖర్చుకు దగ్గరగా ఉంటుంది. డబ్బా మీద రంగుతో పెద్ద గుర్తు వేయడం అతి చవకైన నివారణ.

అమరిక

పొడవాటి అల్యూమినియం గొట్టం లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని రెండు చివరలా పళ్ళు ఉంటాయి. ఒక చివర ఇంజను వైపు క్లచ్ డ్రమ్ములోనికి, మరొక చివర గేర్ హెడ్డులోనికి సరిగ్గా దిగాలి. బలవంతంగా తోయకుండా, కడ్డీని చేతితో అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ దించితే పళ్ళు కలుస్తాయి. గొట్టానికి ఉన్న రంధ్రం, క్లచ్ హౌసింగుకు ఉన్న రంధ్రం ఎదురెదురుగా వచ్చిన తరువాత ముందు స్థాన నిర్ధారణ స్క్రూను, ఆ పిదప బిగింపు బోల్టును వేయాలి. ఈ క్రమం తారుమారైతే గొట్టం బిగిసినట్లే కనిపిస్తుంది కాని, పని మధ్యలో తిరిగిపోతుంది. కడ్డీ సగమే దిగినప్పుడు కూడా యంత్రం నడుస్తుంది. ఒకటి రెండు రోజులలో పళ్ళు అరిగి, ఇంజను మోగుతున్నా బ్లేడు తిరగదు. ఈ లోపాన్ని రైతులు తరచుగా క్లచ్ పోయినదని భావిస్తారు.

హ్యాండిలు బిగించిన తరువాత థ్రాటిల్ తీగను పరిశీలించాలి. మీట వద్ద ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. తీగ బిగుతుగా ఉంటే మీట వదిలినా ఇంజను నెమ్మదించదు, బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. స్టాప్ స్విచ్ తీగలు హ్యాండిలు కింద నలిగిపోకుండా చూడటం కూడా ఇక్కడే ముగించవలసిన పని. అత్యవసరంలో ఇంజనును ఆపేది ఆ సన్నని తీగే.

గార్డు విషయంలో మెత్తదనం చూపరాదు. గడ్డి చుట్టుకొంటున్నదనో, బరువనో చాలామంది దానిని తీసి పక్కన పెడతారు. పైనుండి చూస్తే బ్లేడు అపసవ్య దిశలో, అంటే గడియారపు ముళ్ళకు వ్యతిరేకంగా తిరుగుతుంది. అంటే ఎడమవైపు ఉన్న పళ్ళు పనిచేసే మనిషి వైపే వస్తుంటాయి. ఆ పళ్ళకు తగిలిన రాయి ఎటు వస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. గార్డు లేని యంత్రాన్ని శిక్షణ కార్యక్రమంలో ఒక్క నిమిషం కూడా నడపరాదు. చెప్పిన మాట కన్నా చూపిన పని రైతు మనస్సులో ఎక్కువ కాలం నిలుస్తుంది.

బ్లేడు, నట్టు

గేర్ హెడ్డు మీద ముందుగా లోపలి పట్టు బిళ్ళ, తరువాత బ్లేడు, ఆపై బయటి పట్టు బిళ్ళ, గిన్నె ఆకారపు మూత, చివరకు నట్టు వస్తాయి. లోపలి బిళ్ళ మధ్య ఉన్న గుండ్రని ఎత్తు, బ్లేడు రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. సాధారణంగా ఈ రంధ్రం 25.4 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం ఉంటుంది. 20 మిల్లీమీటర్ల రంధ్రం గల బ్లేడ్లు కూడా ఉన్నాయి. పెద్ద రంధ్రపు బ్లేడును చిన్న బిళ్ళపై బిగిస్తే, అది కేంద్రం నుండి ఒక పక్కకు జరిగి ఉంటుంది. నట్టు ఎంత గట్టిగా బిగించినా వణుకు పోదు. యంత్రం చేతులలో అసాధారణంగా వణికితే తొలుత పరీక్షించవలసినది ఇదే.

నట్టుది ఎదురు మర. మెకానిక్కులు దీనిని రివర్స్ త్రెడ్ అంటారు. నట్టుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు, గడియారపు ముళ్ళ దిశలో తిప్పితే వదులవుతుంది, వ్యతిరేక దిశలో తిప్పితే బిగుస్తుంది. దీనికి కారణాన్ని విద్యార్థులు ఒకసారి కాగితంపై గీసి చూడటం మంచిది. కింది నుండి చూస్తే బ్లేడు ఇరుసు గడియారపు ముళ్ళ దిశలో తిరుగుతుంది. గడ్డి, పొదల నిరోధం బ్లేడును, దానితో పాటు నట్టును వెనుకకు, అంటే వ్యతిరేక దిశలో లాగుతుంది. మర ఎదురుగా ఉన్నందున ఆ లాగుడు నట్టును బిగిస్తుంది. మామూలు మర అయితే పని జరుగుతున్న కొద్దీ నట్టు ఊడిపోయేది. ఈ సంగతి తెలియని వ్యక్తి విప్పడానికి ప్రయత్నిస్తూ బలం కొద్దీ బిగిస్తాడు. పానాకు గొట్టం తొడిగి తిప్పుతాడు. చివరకు మర తెగుతుంది, లేదా పానా జారి చేయి బ్లేడు మీద పడుతుంది. తోలు చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయరాదు.

ఇరుసు తిరగకుండా గేర్ హెడ్డు పక్కనున్న రంధ్రంలో అలెన్ కీ లేక పిన్ను దూర్చి పట్టాలి. పని ముగిసిన తరువాత దానిని తీయడం మరువరాదు. నట్టు లోపలి నైలాన్ చుట్టు అరిగి, చేతివేళ్ళతోనే తిరిగేటట్లయితే ఆ నట్టును పారవేసి కొత్తది వేయాలి. ఈ పనులన్నిటికీ ముందు ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు తొడుగును లాగి పక్కకు పెట్టడం నియమం.

ఏ పనికి ఏ బ్లేడు అన్నది రైతుకు స్పష్టంగా తెలియాలి. లేత గడ్డికి నైలాన్ దారం, ముదురు గడ్డికి రెండు లేక మూడు రెక్కల బ్లేడు, బొటనవేలి మందపు పొదలకు ఎక్కువ పళ్ళ గుండ్రటి బ్లేడు తగినవి. నైలాన్ దారానికి బదులు బైండింగు తీగ కట్టడం, విరిగిన పంటికి వెల్డింగు చేయించడం, పాత కమాను పట్టీని కోసి బ్లేడుగా మలచడం, గొలుసు ముక్కలు తగిలించడం మాత్రం ప్రాణాంతకం. నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగే భాగం నుండి ఊడిన ఇనుప ముక్క తూటాతో సమానం. లోహపు గొలుసు లంకెలతో తయారైన కోత పరికరాలను చేతితో పట్టే బ్రష్ కట్టర్లకు అమ్మరాదని 2012 జనవరిలో యూరోపియన్ కమిషన్ నిర్ణయించినది. విరిగి ఎగిరిన లంకె తగిలి సంభవించిన మరణం ఆ నిర్ణయానికి నేపథ్యం. మన గ్రామీణ వెల్డింగు దుకాణాలకు ఈ సమాచారం చేరవలసి ఉన్నది.

ఇంధనం

టూ స్ట్రోక్ ఇంజనుకు కలపవలసిన నూనె నిష్పత్తి తయారీదారును బట్టి, నూనె నాణ్యతను బట్టి మారుతుంది. 25:1 అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25, 50:1 అంటే 20 మిల్లీలీటర్లు. సీసా మూతతో కొలవడం కొలత కాదు. పశువుల మందుతో వచ్చే ప్లాస్టిక్ సిరంజి ప్రతి ఇంటిలోనూ దొరుకుతుంది. బాగా కడిగి ఆరబెట్టి, దీనికే కేటాయిస్తే అంతకు మించిన కొలపాత్ర అవసరం లేదు. ముందుగా సగం పెట్రోలు, తరువాత నూనె, ఆపై మిగిలిన పెట్రోలు పోసి డబ్బాను బాగా కుదపాలి. ట్యాంకులో విడివిడిగా పోస్తే నూనె అడుగున చేరి మొదటి పావుగంట పొగ, ఆ తరువాత వేడి మిగులుతాయి.

ఇటీవల చేరిన ఒక సమస్య పెట్రోలులోని ఇథనాల్. 2025 నాటికి దేశంలో 20 శాతం ఇథనాల్ మిశ్రమం సాధారణమైనది. చిన్న ఇంజన్ల తయారీదారులలో అధికులు అనుమతించేది 10 శాతం వరకే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ మితిమీరినప్పుడు నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగి, పెట్రోలు పైన తేలుతుంది. నూనె పెట్రోలుతోనే ఉండిపోతుంది కనుక, అడుగు నుండి పీల్చే గొట్టం ద్వారా ఇంజనుకు కందెన లేని ద్రవం చేరుతుంది. కార్బురేటరులోని పలుచని పొర, రబ్బరు గొట్టాలు కాలక్రమంలో గట్టిపడతాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉన్నందున మిశ్రమం పలుచబడి, ఖాళీగా నడిచేటప్పటి వేగం పెరిగే అవకాశం ఉన్నది. ఈ యంత్రంలో క్లచ్ వేగాన్ని బట్టి పట్టేది. ఖాళీ వేగం హెచ్చితే మీట నొక్కకుండానే బ్లేడు తిరగడం మొదలవుతుంది. నిన్నటి వరకు సవ్యంగా ఉన్న యంత్రం ఈ రోజు ఇలా చేస్తే, కార్బురేటరు మీది ఐడిల్ స్క్రూను సవరించి, బ్లేడు పూర్తిగా నిలిచిన తరువాతే పనికి దిగాలి.

కలిపిన పెట్రోలును నెల రోజులకు మించి నిలువ ఉంచరాదు. వానాకాలంలో అంతకన్నా ముందే వాడివేయడం మేలు. మంచినీళ్ళ సీసాలో పెట్రోలు పోసి గుడిసెలో చూరుకు వేలాడదీసే అలవాటును విస్తరణ సిబ్బంది చూసిన చోటనే మాన్పించాలి. చీకటిలో దాహానికి లేచిన పిల్లవానికి రెండు సీసాలూ ఒకటే.

పనిలో జాగ్రత్తలు

పట్టీని కుడి తుంటి వద్ద కొక్కెం ఉండేటట్లు సవరించుకొంటే, చేతులు వదిలినప్పుడు బ్లేడు నేలకు కొద్ది ఎత్తున సమాంతరంగా నిలవాలి. కుడి నుండి ఎడమకు ఊపుతూ, బ్లేడు ఎడమ భాగంతో కోయాలి. బ్లేడును గడియారపు ముఖంగా ఊహిస్తే, 12 నుండి 3 వరకు ఉన్న భాగం మోడుకు తగిలినప్పుడు యంత్రం ఒక్కసారిగా కుడికి, వెనుకకు విసురుగా తిరుగుతుంది. పోడు చేలలో గడ్డి మరుగున మోడులు ఉండటం సహజం కనుక, ఇక్కడ ఈ నియమానికి మైదానంలో కన్నా విలువ ఎక్కువ. కోతకు ముందు చేను అంతా ఒకసారి నడిచి మోడులకు సున్నం పూయడం, రాళ్ళు, సీసాలు ఏరడం అరగంట పని.

చుట్టూ 15 మీటర్ల లోపు మనుషులు, పశువులు ఉండరాదు. కంటి అద్దాలు, మోకాళ్ళ వరకు బూట్లు, మందపు ప్యాంటు తప్పనిసరి. లుంగీ, మెడలో తువాలు, వేలాడే కొంగు పనికిరావు. రాయితీ మహిళా రైతు పేర మంజూరై, శిక్షణకు మాత్రం ఇంటి మగవాడు రావడం తరచుగా కనిపించే విషయం. చేలో యంత్రం దగ్గర ఇద్దరూ ఉంటారు కనుక ఇద్దరినీ పిలవాలి.

చెవుల సంగతి ఎవరూ పట్టించుకోరు. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటల వరకు భరించవచ్చునని అంతర్జాతీయంగా అంగీకరించిన ప్రమాణం. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. 97 డెసిబెల్స్ వద్ద అది అరగంట మాత్రమే. ఎకరాల లెక్కన అద్దెకు కోసే యువకుడు రోజంతా ఆ ధ్వనిలో ఉంటాడు. చెవులలో దూది పెట్టుకోవడం వల్ల రక్షణ నామమాత్రం. ఇయర్ మఫ్ వాడాలి. వాడినప్పుడు పిలుపు వినపడదు కనుక, సహాయకుడు ముందువైపు నుండి మాత్రమే దగ్గరకు రావాలి.

అడవి పందుల కోసం చేను చుట్టూ తీగ లాగి కరెంటు ఇచ్చే దురాచారం ఏజెన్సీ గ్రామాలలో ఇంకా ఉన్నది. అది నేరమన్నది అలా ఉంచి, గడ్డిలో దాగిన ఆ తీగకు తిరిగే బ్లేడు తగిలితే అల్యూమినియం గొట్టం విద్యుత్తును నేరుగా చేతుల వరకు తెస్తుంది. పొరుగు చేను గట్టు కోసే ముందు పొరుగు రైతును అడగడం తప్పనిసరి.

ఫాల్గుణం నుండి తొలకరి వరకు మరొక జాగ్రత్త అవసరం. ఇప్పపువ్వు రాలే కాలం, తునికాకు కోసే కాలం అడవి ఎండి ఉండే కాలమే. సైలెన్సరు వేడిగా ఉన్న యంత్రాన్ని ఎండుటాకుల మీద పెట్టరాదు. పెట్రోలు పోసేటప్పుడు ఇంజను కనీసం పది నిమిషాలు చల్లారాలి. పోసిన చోటు నుండి కనీసం పది అడుగులు జరిగి, గడ్డి లేని నేల మీద స్టార్టు చేయాలి. సైలెన్సరులో నిప్పురవ్వలను ఆపే జాలీ ఉంటుంది. మసి పట్టి ఇంజను ఊపిరాడనట్లు నడిస్తే కొందరు ఆ జాలీని పీకివేస్తారు. దానిని ఇత్తడి బ్రష్షుతో శుభ్రపరచి తిరిగి పెట్టాలి.

నిర్వహణ

గాలి ఫిల్టరుపై శ్రద్ధ పెడితే సగం మరమ్మతులు తప్పుతాయి. స్పాంజి ఫిల్టరును పని ముగిసిన ప్రతిరోజూ సబ్బు నీటితో కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి, రెండు చుక్కల నూనె పిండి తిరిగి అమర్చాలి. పెట్రోలుతో కడగడం వల్ల స్పాంజి చివికిపోతుంది. సిలిండరు రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డి పొట్టును పుల్లతో తీయాలి. ఆ ఇంజనుకు గాలి తప్ప మరొక చల్లదనం లేదు.

గేర్ హెడ్డుకు సుమారు 25 గంటల పనికి ఒకసారి లిథియం గ్రీజు ఎక్కించాలి. అరలో మూడింట రెండు వంతులు నిండితే చాలు. మరీ నింపితే వేడెక్కి సీలు తోసుకొని బయటకు వస్తుంది. పని మధ్యలో గేర్ హెడ్డు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే గ్రీజు అయిపోయినదని అర్థం. స్పార్క్ ప్లగ్గు ఖాళీ 0.6 నుండి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. ప్లగ్గు రంగు లేత ఇటుక రంగులో ఉంటే మిశ్రమం సరైనది. తడి నలుపు నూనె ఎక్కువైనదని, తెల్లని పొడి రంగు ఇంజను అతిగా వేడెక్కుతున్నదని తెలుపుతాయి.

బ్లేడును ఆకురాయితో సాన పట్టేటప్పుడు అన్ని పళ్ళకూ సమానంగా ఒకే సంఖ్యలో రాపిడి ఇవ్వాలి. గ్రైండింగు చక్రంపై పెట్టి నీలిరంగు వచ్చేవరకు వేడిచేస్తే ఉక్కు పదును కోల్పోతుంది. బ్లేడును రంధ్రం వద్ద దారంతో వేలాడదీసి పానాతో తడితే స్వచ్ఛమైన మోత రావాలి. మొద్దుబారిన శబ్దం వస్తే కంటికి కనిపించని చీలిక ఉండవచ్చును. అటువంటి బ్లేడును మరొకరికి ఇవ్వకుండా వంచి పారవేయాలి.

కంచె మొక్కలను కత్తిరించే హెడ్జ్ ట్రిమ్మరుకూ ఇంధనం, ఫిల్టరు, ప్లగ్గుల విషయంలో ఇవే నియమాలు వర్తిస్తాయి. తేడా కత్తుల వద్ద ఉన్నది. గోరింట కంచె వంటి వాటిని కోసే ఆ జంట కత్తులు గుండ్రంగా తిరగక ముందుకు వెనుకకు జరుగుతాయి. వాటి మధ్య ఇరుకైన పుల్లను ఇంజను నడుస్తుండగా వేలితో తీయబోవడం ఆ యంత్రపు ముఖ్య ప్రమాదం. రెండు చేతులూ హ్యాండిళ్ళపై ఉన్నంతసేపు వేళ్ళకు ముప్పు లేదు. పని తరువాత ఆకుల జిగురును తుడిచి, కత్తులకు పలుచని నూనె రాయాలి. కత్తులను పట్టి ఉంచే బోల్టులు మరీ బిగిస్తే కత్తులు వేడెక్కుతాయి, వదులైతే ఆకును కోయక నములుతాయి.

పంట కాలం ముగిసి యంత్రాన్ని అటక ఎక్కించే ముందు ట్యాంకును ఖాళీ చేసి, ఇంజనును తనంతట తాను ఆగేవరకు నడపాలి. దానివల్ల కార్బురేటరులో మిగిలినది కూడా ఖర్చవుతుంది. ప్లగ్గు విప్పి రంధ్రంలో నాలుగు చుక్కల టూ స్ట్రోక్ నూనె వేసి, తాడును రెండు మూడుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు తిరిగి బిగించాలి. బ్లేడును విప్పి నూనె రాసి వేరుగా, పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి. నట్టును, రెండు పట్టు బిళ్ళలను, మూతను వరుస తప్పకుండా ఒకే తీగకు గుచ్చి గొట్టానికి కట్టివేస్తే, మరుసటి తొలకరికి దానిని బిగించేది మరొకరైనా వరుస తప్పదు.